మోటబావిల పడ్డ మాట

మా హోటలంటె ఏం లేదు, తాటికమ్మల పందిరి, రెండు బల్లలు, ఒక పొయ్యి. చెన్నూరు తొవ్వ పక్కపొంటి ఉంటది గనుక బస్సుకు చూసెటోళ్లు కూసుంటరు. బస్సుతోని పనిలేని హనుమండ్లు సుత కూసుంటడు. ఆయిన ఇరవై ఏండ్లు దొర మోటబావి కాడ మోట తోలిండు. పోయినేడు దొరోళ్లు బావికి ఇంజను పెట్టి ఎడ్లను అమ్మిన్రు. హనుమండ్లును సుత అమ్ముదామంటె కొనెటోడు దొరకలే. అప్పటిసంది మా బల్ల మీదనే ఉన్నడు. ఆయిన నోటికి మాత్రం బావికంటె ముందుగాలనే ఇంజను పెట్టిన్రు.

గా దినం మిరుగం కార్తెకు ఇంక ఎనిమిది రోజులున్నది. ఎండకు తొవ్వ మీద కుక్క సుత నడుస్తలేదు. రాజలింగు బస్సుకు చూసుకుంట కూసున్నడు, బస్సు రాలే. గప్పుడొచ్చింది లింగవ్వ, నెత్తిమీద కొంగేసుకొని. నీడకు రాలే, పందిరి గుంజ పట్టుకొని ఎండలనే నిలబడ్డది.

"మరిదీ, రేపు చెన్నూరు తాసిల్దారు కచేరిల పేషీ ఉన్నది. సాక్ష్యానికి నువ్వొస్తవా, రావా? గంత చెప్పు, పోత" అని హనుమండ్లును అడిగింది.

లింగవ్వ సంగతి ఊరంతటికి ఎరుకే. పోలీసు చర్య అయిన మరుసటేడు పెద్ద దొర మోటబావి ఒడ్డు మీద నిలబడి ఆమె పెనిమిటి మొండయ్యకు మాటిచ్చిండు. "మొండిగా, గా తుమ్మలు కొట్టి, మొద్దులు తవ్వి చెల్క చేసుకోరా. నువ్వు, నీ పిల్లలు దున్నినన్ని దినాలు మిమ్ముల లేవగొట్టను" అన్నడట. ఆలుమొగలు మూడు ఎండకాలాలు మొద్దులు తవ్విన్రు. తొమ్మిదేండ్లు పండిచ్చి, సగం పంట దొరకు కొలిచిన్రు. ఇగ పెద్ద దొర పాయె, ఆరునెల్లకు మొండయ్య పాయె. చిన్న దొర వచ్చి, "మా నాయిన ఎవ్వలకు మాటియ్యలే, మిరుగం లోపట చెల్క ఇడిసి లేవుండ్రి" అన్నడు. కాయితమా, లేదు. మా దిక్కు పాలుకిచ్చినా, కౌలుకిచ్చినా కాయితం ఉండది. ఇచ్చెటోడు అంటడు, తీసుకునెటోడు ఇంటడు, నడుమ ఒక మనిషి నిలబడి ఇద్దరిది ఇంటడు. గాయిన్ని నడిమి మనిషంటరు. రేపు ఏదన్న తకరారైతె చెప్పాల్సింది గాయినే. మొండయ్యకు నడిమి మనిషి, గా దినం మోట తోలుతున్న మా హనుమండ్లే.

"సాక్ష్యమా వదినె!" హనుమండ్లు బల్ల మీద సర్దుకొని కూసున్నడు. "ముందుగాల జర నీడకు రా, కూసో. సారయ్యా, వదినెకు చాయ్ పొయ్యి. సాక్ష్యం చెప్పుడంటె నాకేమన్న కొత్తనా? నీకెరుక లేదు గని, గోదారి అవతల ధర్మపురి దిక్కు, మా మేనమామ ఊర్లె నేను చెప్పిన సాక్ష్యం తోని గా ఊరి దొర ఇప్పటికి నా పేరింటె తాగే నీళ్లు తాగడు."

"ఏమైంది కాకా ఆడ?" అని రాజలింగు కదిలిచ్చిండు. వానికి పొద్దు పోవాలె.

"ఏమైతదిరా. మా మామ కొడుకు నాగయ్య లేడూ, గానికి దొర ఐదెకరాలు పాలుకిచ్చిండు, నోటిమాట మీద. నేను గా దినం చుట్టరికం పోయిన్నాయె, నడిమి మనిషివి నువ్వే కావాలె అంటె సరే అని నిలబడ్డ. ఏడాది తిరగంగనే దొర ఒప్పందం లేదు గిప్పందం లేదన్నడు. నాకు కబురొచ్చింది. పోయిన. సక్కగ దొర ఉండె గడి ముంగటికి పోయి, 'దొరా, నువ్వన్నది నేనిన్న' అన్న. గంతే. దొర తలకాయ కిందికేసిండు. నాగయ్య నాగలి కట్టిండు."

లింగవ్వ చాయ్ గిలాస తీసుకొని బల్ల కొసకు కూసున్నది. "గట్లనే రేపు సుత అను మరిదీ. నాకు గంతే సాలు" అన్నది.

హనుమండ్లు ముఖం ఎట్లనో అయింది. మీసం మీద చెయ్యేసుకున్నడు, తీసిండు.

"ఆగు వదినె, గంత అల్కగ అయితదా? దొర తలకాయ కిందికేసిండన్న గని, గది సిగ్గుకు కాదు, చెప్పులు చూసుకున్నడు. మల్ల తల లేపి ఏమన్నడో ఎరుకేనా? 'ఒక్కని మాట చెల్లదు, ఇంకొక సాక్షిని తీసుకరాపో' అన్నడు. ఇగ నేను ఆలోచన చేసిన. గా దినం మాట నడిచింది మోటబావి ఒడ్డు మీద. ఇన్నదెవరు? నాగయ్య ఇన్నడు, వాని మాట వాడు చెప్పుకుంటె కచేరిల నడవది. రెండెడ్లు ఇన్నయి. అండ్ల ఒకటి చచ్చె, ఇంకొకటి దొర మేపిన ఎద్దు, అది దొర దిక్కే చెప్తది. ఇగ ఎవరు మిగిలిన్రు? బావి!"

"బావా?" రాజలింగు నవ్విండు.

"నవ్వకురా. బావిలకు వంగి ఓ అంటె ఓ అంటదా, అనదా? అంటది. మరి గా పలికిన పలుకు యాడికి పోతది? జరంత పైకి వస్తది, మిగిలిందంత నీళ్లల్ల దిగుతది. ఇరవై ఏండ్లు మోట తోలినోన్ని, నాకు చెప్తవా నువ్వు? మన బావినే చూడు, ఎండకాలం నీళ్లు అడుగు పట్టినయంటె నేను పడుసుతనంల పాడిన పాటలు బురదల కనపడ్తయి."

"కనపడ్తయా, ఇనపడ్తయా కాకా?"

"దగ్గరికి పోతె ఇనపడ్తయి, దూరం నుంచి కనపడ్తయి. మాట నడుమ అడ్డం రాకు. ఇగ నేనేం చేసిన, తాసిల్దారును పిలిపిచ్చి బావి ఒడ్డు మీద కుర్చీ ఏసి కూసోబెట్టిన. మోట కట్టిన. ఎడ్లను ఎనుకకు నడిపిచ్చిన, బొక్కెన మునిగింది, ముంగటికి తోలిన. మొదటి బొక్కెన పైకొచ్చి తోలు తొండం ఇచ్చుకుంటె ఏమొచ్చింది? ఊరి ఆడోళ్లు పదేండ్ల సంది బావి కాడ కొట్లాడిన తిట్లు! తాసిల్దారు పక్కకు సాక్ష్యానికి వచ్చిన పెద్దమనుషులు చెవులు మూసుకున్నరు, ఎవ్వరి పెండ్లాం గొంతు వాళ్లకు ఎరుకే గదా. రెండో బొక్కెనల దొర తాత దగ్గు వచ్చింది. మనిషి చచ్చి ముప్పై ఏండ్లాయె, దగ్గు మాత్రం తాజగ ఉన్నది. మూడో బొక్కెన బరువైంది, ఎడ్లు మోకాళ్ల మీద పడ్డయి. నేను మోకు మీదికెక్కి కూసున్న. బొక్కెన ఒడ్డు మీదికొచ్చి తొండం ఇచ్చుకున్నది. నీళ్లతోని కలిసి దొర గొంతు గలగల పడ్డది. 'నాగిగా, నువ్వు దున్నినన్ని దినాలు భూమి నీదేరా' అని! మాట ఎనుక దొర పాన్ తమ్మ ఉమ్మిన చప్పుడు సుత వచ్చింది. ఇగ ఎవడు కాదంటడు?"

"దొర ఏమన్నడు మరి?"

"నా గొంతు కాదన్నడు, ఇంకేమంటడు. తాసిల్దారేమో బట్టలు తడిసి కోపం మీదున్నడు, 'గిది నా చేతుల లేదు, కరీంనగర్ కలెక్టరుకు వినిపిచ్చుండ్రి' అన్నడు. ఇగ తర్వాత ఏమైందో ఎరుకేనా? గా మూడో బొక్కెన నీళ్లను కుండల పోసిన. మూతికి తడిబట్ట కట్టి, పైన మట్టి మెత్తిన, మాట ఆవిరైపోతదని. బండి కట్టుకొని బయలెల్లిన. తొవ్వల బండి కుదుపుకు కుండల మాట కదులుతుండె. కుదిపినప్పుడల్ల 'నీదేరా, నీదేరా' అంటుండె. పది కోసులు పోయేవరకు ఎడ్లు గిదంత ఇన్నయి. ఇగ బండి మాదే అనుకొని నిలబడ్డయి. నన్ను దిగు అంటున్నయి! అరె, మీ బండెట్లయితది, గది నాగయ్యకు చెప్పిన మాట అంటె ఇంటలేవు. దున్నింది మేము గదా అంటున్నయి. ఏం జవాబు చెప్తవ్ చెప్పు? నేను మూతి ముడుసుకొని దిగి ఎనుక నడుసుకుంట పోయిన. ఎడ్ల ఎనుక కుండ, కుండ ఎనుక నేను."

రాజలింగు కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్విండు. నాకు సుత నవ్వొచ్చింది. లింగవ్వకు రాలే. చాయ్ సల్లారిపోయింది, గిలాస చేతులనే ఉన్నది.

"రేపటికి బండి మాట్లాడి పెట్టిన మరిదీ" అన్నది. "పొద్దుగాల కోడి కూసినంక ఎల్తది. నీకు జాగ పెట్టాల్నా?"

"జాగ ఎందుకు పెట్టవు వదినె, పెడ్తవు..." నెత్తి రుమాలు కొసతోని మెడ తుడుసుకున్నడు. రాజలింగు దిక్కు మర్లిండు. గొంతు ఇంక జర పెద్దగ చేసిండు. "కరీంనగర్ల ఏమైంది అడుగవేందిరా? కలెక్టరు కుండ మూతి ఇప్పిచ్చి ఇన్నడు. మల్ల ఇన్నడు. మూడుసార్లు ఇని లేసి నిలబడి నాకు దండం పెట్టిండు. గీ సంగతి ఎట్ల పొక్కిందో పొక్కింది. తెల్లారేవరకు జగిత్యాల, మెట్‌పల్లి, ఇటు లక్సెట్టిపేట, ఆసిఫాబాద్ దాంక రైతులందరు బావుల చుట్టు మూగిన్రు. ఎవని దొర ఏమన్నడో వాడు చేదుకుంటుండు. బొక్కెనలు లేనోళ్లు చెంబులు ఏసిన్రు. చెంబుకు పట్టె మాటలు చిన్నవాయె, 'సరే', 'కానీ', 'పోరా' గంతే వచ్చినయి. గవ్వే పట్టుకొని కచేరికి ఉరికిన్రు పాపం. దొరలు పరేషాన్! ఏం చేసిన్రనుకున్నవ్? కొందరు బావులు పూడిపిచ్చిన్రు. గందుకే గదరా మనకు నీళ్లకు గింత కరువు. పూడిపియ్యనోళ్లు ఇంజన్లు తెచ్చి పెట్టిన్రు. ఎందుకు? మోటంటె మెల్లగ తోడుతది, మాట మాటగ వస్తది. ఇంజను పెడితె గడగడ చప్పుడుల మాట ఇనపడకుంట కాల్వల పడి పోతది. మన దొర ఇంజను ఎందుకు పెట్టిండనుకున్నవ్ మరి? నేను ముసలోన్నైన్నని కాదు. నాకేమన్న చాతకాదా? నాకు ఇప్పటికి చాతనైతది!"

గా ఆఖరి మాట కాడ రాజలింగు నవ్వు ఆగిపోయింది. నేను పొయ్యిల కట్టె ముంగటికి తోసిన. హనుమండ్లు ఎవ్వలను మాట్లాడనియ్యలే.

"అయిపోలేదు, ఇనుండ్రి. కుండ తీసుకొని మర్లొస్తున్న. గోదారి దాటాలె. పుట్టిల కూసున్న, కుండ ఒళ్లె పెట్టుకున్న. నడుమ ధారల పుట్టి గిర్రున తిరిగింది, కుండ పోయి నీళ్లల్ల పడ్డది. పలిగింది. మాట గోదాట్ల కలిసింది! ఇగ ఆగుతదా? ఒడ్డుపొంటి ఉన్న ఊర్లన్నిటికి ఇనపడ్డది, 'నీదేరా, నీదేరా' అని. బర్రెలు తోముకునెటోడు నాదే అనుకున్నడు, బట్టలుతికెటామె నాదే అనుకున్నది. కాళేశ్వరం కాడ ప్రాణహిత కలిసింది, గప్పటిసంది మాట రెండింతలైంది. చేపలు మింగినయి. గా చేపల కూర తిన్నోళ్లు గిన్నె కాడినుంచి లేసి నాగళ్లు కట్టిన్రు. భద్రాచలం దాటింది, రాజమండ్రి దాటింది, సముద్రంల పడ్డది. సముద్రం ఊకుంటదా? ఇదివరకు ఒడ్డు దాంక వచ్చి మర్యాదగ మర్లిపోయేది, గప్పటిసంది గీ ఊరు నాదే, గా ఊరు నాదే అని లోపటికి వస్తుందట. ఢిల్లోళ్లకు భయమైంది. నా పేరుమీద తంతి కొట్టిన్రు. 'హనుమండ్లూ, నీ మాటను జర ఎనుకకు తీసుకో, దేశం మునుగుతది' అని. నేనేం రాసిన్నో ఎరుకేనా? అన్న మాట ఎనుకకు తీసుకునుడు మా ఇంటా వంటా లేదని రాసిన!"

చెయ్యి గాలిల లేపి అట్లనే ఉంచిండు, మేము ఏమన్న అంటమేమోనని. నవ్వాల్సిన రాజలింగు తొవ్వ దిక్కు చూస్తుండు.

లింగవ్వ గిలాస కింద పెట్టింది.

"మరిదీ, గా ఊరి బావి సంగతి నాకెరుక లేదు. మన బావి కాడి సంగతి చెప్త, ఇను" అన్నది. గొంతు ఏం పెద్దగ చెయ్యలే. "గా దినం మోట నడుస్తుండె. గిరక చప్పుడుకు దొర మాట మా ఇంటాయినకు ఇనపడ్తలేదట. నువ్వే ఎడ్లను ఆపినవట. 'దొరా, ఇంకొక్కసారి అనుండ్రి, నాకు సుత ఇనపడాలె' అన్నవట. దొర మల్ల అన్నడట. మా ఇంటాయిన ఇంటికొచ్చి గదే చెప్పిండు. హనుమండ్లు ఇన్నడు, ఇగ మనకు ఫికర్ లేదన్నడు. గన్నేండ్లు నేను ఫికర్ లేకుంట పండుకున్న. బావిల ఏముంటది మరిదీ, నీళ్లుంటయి. గా మాట నీ కడుపులనే ఉన్నది. దాన్ని చేదెటందుకు నాకు చాతకాదు, తాసిల్దారుకు చాతకాదు."

హనుమండ్లు లేపిన చెయ్యి కిందికి దించిండు.

"ధర్మపురి దిక్కు గడి ముంగటికి పోయి, నేనిన్న అన్నవట గదా" అన్నది లింగవ్వ. "ఇరవై ఏండ్ల సంది నిన్ను చూస్తున్న. మిగిలినయన్ని కోతలని ఎరుకే. గదన్న నిజమేనా?"

హనుమండ్లు గీసారి రాజలింగు దిక్కు మర్లలే, గొంతు పెద్దగ చెయ్యలే. నా హోటల్ల గదే మొదలు.

"కాదు వదినె" అన్నడు. "గడి దాంక పోలే. గడి మూల కాడ నిలబడ్డ, ఆడికెల్లి దర్వాజ కనపడ్తది. ఇగ కాళ్లు రాలే. కడుపుల నొస్తుందని నాగయ్యకు చెప్పి మర్లొచ్చిన. గాన్ని లేవగొట్టిన్రు. బెల్లంపల్లి పోయి బొగ్గుబాయిల దిగిండు. గప్పటిసంది గానింటికి పోలే, గాడు మా ఇంటికి రాలే."

నాకు నిజంగ పాపమనిపిచ్చింది. ఎన్ని కోతలు కోసిండు మా బల్ల మీద! పులిని తుమ్ముతోని చంపిండు, రజాకార్లను గొంగడి ఇసిరి పట్టిండు. అన్నిటి కింద గిదొక్కటి దాసుకొని కూసున్నడని నాకేం తెలుసు.

"నా మీద కోపం చేయకు వదినె" అన్నడు. "నా గుడిసె ఉన్న జాగ దొరదే. రేపు నేను చెన్నూరుల నోరు తెరుస్త, ఎల్లుండి నా గిన్నెలు తొవ్వ మీద ఉంటయి. గీ వయసుల ఏడికి పోవాలె? పెద్ద దొర ఉన్నప్పుడు, ఉన్నన్ని దినాలు ఉండరా అన్నడు. గది సుత నోటిమాటే."

"దానికి నడిమి మనిషి ఎవరుండె?" లింగవ్వ అడిగింది.

హనుమండ్లు తల లేపి ఆమె దిక్కు చూసిండు. మల్ల కిందికి చూసిండు.

"మొండన్ననే" అన్నడు.

"గాయిన పాయె" అన్నది లింగవ్వ. "నువ్వు నోరు తెరిచినా, మూసుకున్నా, నీ దిక్కు నిలబడి చెప్పెటోడు ఇగ లేడు మరిదీ. నాకింక ఒకడున్నడు."

కొంగు సర్దుకొని లేసింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని లేసింది, మూడు ఎండకాలాలు మొద్దులు తవ్విన మోకాళ్లాయె. "బండి నీ గుడిసె ముంగటికెల్లే పోతది, జరసేపు ఆపుత" అన్నది. ఎండల పడి పోయింది. గప్పుడే బస్సొచ్చింది. రాజలింగు ఎక్కిండు.

హోటల్ల ఇద్దరమే మిగిలినం. నేను గిలాసలు కడుగుతున్న. హనుమండ్లు నెత్తిమీద రుమాలు తీసి, ఒళ్లె పెట్టుకొని, మడతలు సాపు చేసుకుంట కూసున్నడు. చాన పాత రుమాలు, అంచు పీసులు పీసులు అయింది.

"సారయ్యా" అన్నడు, నా దిక్కు చూడకుంటనే. "తాసిల్దారు ముంగటికి పోతె గీ రుమాలు తీసి నిలబడాల్నా, నెత్తికి ఉంచుకోవాల్నా?"